కాథీ ఎవరితో మాట్లాడుతోంది?

కజువో ఇషిగురో నవల 'నెవర్ లెట్ మి గో'లో కథ చెప్పే కాథీ, తన మాట వింటున్నవాళ్లు కూడా తనలాంటివాళ్లే అనుకుంటుంది. వాళ్లూ ఎక్కడో ఒక ప్రత్యేకమైన బడిలో, వారం వారం వైద్య పరీక్షల మధ్య పెరిగి ఉంటారనీ, అక్కడి తీరు తనకి తెలియకపోయినా తమ బడి హేల్‌షమ్ పద్ధతి మాత్రం ఇదీ అనీ చెప్పుకుపోతుంది. మొదటిసారి చదివేటప్పుడు ఈ సంబోధన కంటికి ఆనదు. మాట కలిపే ధోరణి కాబోలనుకొని దాటిపోతాం. కథంతా తెలిశాక తిరగేస్తే అక్కడే ఆగిపోతాం. కాథీ క్లోన్. మనుషులకి అవయవాలు అందించడం కోసమే తయారుచేసి, పెంచి, నడివయసు రాకముందే ఒక్కొక్క అవయవమే తీసుకొని, మూడో కోతకో నాలుగో కోతకో చావుకి వదిలేసే జాతి ఆమెది. ఆమె మాట్లాడుతున్నది ఆ జాతిలోనే ఉన్న మరొకరితో. పుస్తకం పట్టుకున్న మనం ఆ మరొకరి కుర్చీలో కూర్చొని ఉన్నాం.

పాఠకుణ్ణి పలకరించడం ఇంగ్లిష్ నవలకి పాత అలవాటే. విక్టోరియన్ రచయితలు కథ మధ్యలో ఆగి, సంస్కారం, నాలుగు డబ్బులు, తీరిక ఉన్న ఒక మనిషిని ఎదుట ఊహించుకొని మాట్లాడేవారు. ఆ పలకరింపులో ఒక ఒప్పందం ఉండేది. చెప్పేవాళ్లూ వినేవాళ్లూ మనుషులు. కథలో ఉన్నవాళ్లు ఎంతమేరకు మనుషులో తేల్చే హక్కు వాళ్లది. ఇషిగురో గొంతు పెంచకుండా, ఎక్కడా ప్రకటించకుండా ఆ ఒప్పందాన్ని రద్దు చేశాడు. ఈ నవలలో తీర్పరి స్థానం మనకి లేదు.

నాగసాకిలో 1954లో పుట్టి, అయిదేళ్ల వయసులో తల్లిదండ్రులతో ఇంగ్లండ్ వచ్చి, ఇంగ్లిష్‌లోనే రాసి, 1989లో 'ది రిమైన్స్ ఆఫ్ ది డే'కి బుకర్, 2017లో నోబెల్ అందుకున్న రచయిత ఇషిగురో. 'నెవర్ లెట్ మి గో' 2005లో వచ్చింది. మొదటి అధ్యాయానికి ముందు పేజీలో, ఇది 1990ల చివరి ఇంగ్లండ్ అని ఒక చిన్న సూచన ఉంటుంది. భవిష్యత్తు కాదు, వేరే గ్రహం కాదు. గడిచిపోయిన దశాబ్దం, క్యాసెట్ ప్లేయర్లు, వూల్‌వర్త్స్ దుకాణం, హైవే పక్కన టీ దొరికే చోట్లు. సైన్స్ ఫిక్షన్‌లో మనం ఎదురుచూసే గాజు గొట్టాలూ మెరిసే ల్యాబులూ ఒక్కటి కూడా లేవు. క్లోన్లని ఎలా తయారుచేస్తారో ఒక్క వాక్యంలోనూ చెప్పడు. చెప్పకపోవడంలోనే ఆయన పనితనం సగం ఉంది.

మనిషి అంటే ఎవరు, ఆ గీత గీసిందెవరు, గీతకి అవతల పడ్డవాళ్ల గతేమిటి అనే ప్రశ్నలతో సాహిత్యాన్ని చదివే ధోరణిని పోస్ట్‌హ్యూమనిజం అంటున్నారు. డోనా హారవే 1985లో సైబర్గ్ మీద రాసిన వ్యాసం మనిషికీ జంతువుకీ యంత్రానికీ మధ్య గోడలు ఎంత పల్చనివో చూపించింది. కేథరిన్ హేల్స్ 1999లో, రోసీ బ్రైడోటీ 2013లో ఇదే దారిలో పెద్ద పుస్తకాలు రాశారు. బ్రైడోటీ వాదన సూటిగా ఉంటుంది. మనిషే అన్నిటికీ కొలమానం అని యూరప్ చాటుకున్నప్పుడు ఆ మనిషి ఒక తెల్ల పురుషుడు. ఆ కొలతకి సరిపడని ఆడవాళ్లు, బానిసలు, వలసదేశాల జనం తక్కువ మనుషులయ్యారు. జంతువులు వాడుకునే సరుకయ్యాయి. ఈ పుస్తకాలు చదవదగ్గవే. కానీ వాటిలో వాదనగా ఉన్నది ఇషిగురో దగ్గర వాక్యాల కట్టుబడిగా ఉంది. ఆ కట్టుబడిని దగ్గరగా చూడాలనే ఈ వ్యాసం.

ముందు ఒక పాత పుస్తకాన్ని పక్కన పెట్టుకుందాం. మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్' 1818లో వచ్చింది. శవాల ముక్కలతో కూర్చిన ఆ జీవి, ఒక కుటీరం గోడ పగులులోంచి తొంగిచూస్తూ మాటలు నేర్చుకుంటాడు. మిల్టన్, ప్లూటార్క్, గొయ్‌తె చదువుతాడు. చివరికి మంచుకొండల మధ్య తనని సృష్టించిన విక్టర్ ముందు నిలబడి వకీలులా వాదిస్తాడు. అంతకుముందు ఆ కుటీరంలోని అంధుడైన ముసలాయన అతని గొంతు విని మర్యాదగా కూర్చోబెడతాడు. కళ్లున్న కొడుకు వచ్చి కర్ర పుచ్చుకొని కొడతాడు. ఇంగ్లిష్ సాహిత్యంలో మనిషి కానివాడి మాట అంత బలంగా వినిపించడం అంతకుముందు అరుదు. అయినా షెల్లీ కథనాన్ని చూడండి. జీవి చెప్పిన కథ విక్టర్ నోటి ద్వారా వస్తుంది. విక్టర్ కథ వాల్టన్ అనే నావికుడి ఉత్తరాల్లో వస్తుంది. ఇద్దరు మగవాళ్ల చేతులు దాటితే గానీ అతని గొంతు మన చెవిని చేరదు. పైగా అతను బతిమాలుకోవాలి, తన హృదయం ఎలాంటిదో ఋజువు చేసుకోవాలి.

కాథీకి అలాంటి మధ్యవర్తులు లేరు. ఆమె బతిమాలదు కూడా. నవల మొత్తంలో ఆమె ఒక్కసారి కూడా తాను మనిషినేనని అనదు. తనకి ఆ అనుమానమే లేనట్టు, ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఆ గదిలో ఎవరూ లేనట్టు మాట్లాడుతుంది. షెల్లీ నుంచి ఇషిగురో దాకా దాదాపు రెండు వందల ఏళ్లలో జరిగిన పెద్ద మార్పు ఇదేనని నేను అనుకుంటాను.

ఇక ఆమె గొంతు. అందులో అలంకారాలు లేవు, పదునైన మాటలు లేవు. ఒక సంగతి మొదలుపెట్టి, అది అర్థం కావాలంటే అంతకుముందు జరిగింది చెప్పాలని వెనక్కి వెళ్తుంది. అక్కణ్ణించి ఇంకొంచెం వెనక్కి. బడి నేస్తాల్లో రూత్‌కి వేరేలా గుర్తుండొచ్చని, టామీ ఒప్పుకోకపోవచ్చని మధ్యలో సర్దుకుంటుంది. చదవడానికి సాదాసీదాగా ఉండే ఈ నడకని కొందరు విమర్శకులు నీరసం అనుకున్నారు. నేనలా అనుకోను. మొదటి పేజీలోనే కేరర్ అనీ డొనేషన్ అనీ మాటలు పడతాయి. వివరణ ఉండదు. ఆసుపత్రి ఉద్యోగం కాబోలనుకుంటాం. అక్కడే నాలుగో డొనేషన్ అని కూడా అంటుంది. ఏమిటో అనిపిస్తుంది గానీ ఈలోగా ఫుట్‌బాల్ మైదానం, బురద అంటిన టామీ చొక్కా, అమ్మాయిల గుసగుసలు వచ్చి మనసుని పట్టుకుంటాయి. అసలు విషయం పూర్తిగా తెలిసే వేళకి మనకి అది ముందే తెలుసనిపిస్తుంది.

ఇది యాదృచ్ఛికం కాదు. వాన కురుస్తున్న ఒక మధ్యాహ్నం, పెద్దయ్యాక సినిమా నటులం అవుతామని కబుర్లు చెప్పుకుంటున్న పిల్లల్ని మిస్ లూసీ అనే టీచర్ ఆపేస్తుంది. మీకు చెప్పీ చెప్పనట్టు చెప్పారు, అందుకే మీకు ఏదీ అర్థం కాలేదు అని బాధపడి, వాళ్ల బతుకు ఎలా ముగుస్తుందో సూటిగా చెబుతుంది. పిల్లలు గగ్గోలు పెట్టరు. అది తెలిసిందే కదా అనుకుంటారు. చాలా ఏళ్ల తర్వాత టామీ దీనికి ఒక కారణం ఊహిస్తాడు. ప్రతి సంగతినీ పిల్లలకి అర్థమయ్యే వయసుకి కాస్త ముందుగా, పరీక్షించి చూసే శక్తి రాకముందే చెవిన వేసేవారని, అలా అన్నీ తలలోకి చేరిపోయాయని. హేల్‌షమ్ పిల్లల మీద ప్రయోగించిన పద్ధతినే ఇషిగురో పాఠకుడి మీద ప్రయోగించాడు. అధికారం ఎలా పనిచేస్తుందో వర్ణించలేదు. మన మీద పనిచేయించాడు. మనం కూడా చెప్పీ చెప్పనట్టు చెప్పించుకొని, గగ్గోలు పెట్టకుండా తర్వాతి పేజీ తిప్పాం.

నవలలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచే దృశ్యం చాలా చిన్నది. పిల్లలకి ఎనిమిదేళ్లు. వాళ్లు వేసిన బొమ్మల్లో మంచివి ఏరుకొని తీసుకుపోవడానికి ఏడాదికి కొన్నిసార్లు ఒకావిడ వస్తుంది. ఆవిణ్ణి మేడమ్ అంటారు. ఆవిడకి మనమంటే భయం అంటుంది రూత్. సరే చూద్దామని, ఆవిడ కారు దిగి నడుస్తున్నప్పుడు అమ్మాయిలంతా ఒక్కసారిగా, ఏమీ ఎరగనట్టు ఆవిడ చుట్టూ గుంపుగా నడుస్తారు. ఆవిడ కేక వెయ్యదు, తిట్టదు. నిలుచున్నచోటే బిగుసుకుపోతుంది. వీళ్లలో ఎవరి చెయ్యి తగులుతుందోనని ఒళ్లు జలదరించడాన్ని ఆపుకుంటూ నిలబడుతుంది. కొందరు సాలీడుని చూసి భయపడతారే, అలాంటి భయం. ఆటగా మొదలైనది అక్కడ ఆగిపోతుంది. ఆవిడ భయపడుతుందా లేదా అని పందెం వేసుకున్నారు గానీ, అలా చూడబడటం తమకి ఎలా ఉంటుందో వాళ్లు ఆలోచించుకోలేదు.

దీన్ని ఇంకో రచయిత రాస్తే ఏం చేసేవాడు? ఆ అమ్మాయిలతో ఏడిపించేవాడు. లేదా మేడమ్ చేత ఒక క్రూరమైన మాట అనిపించేవాడు. ఇషిగురో మేడమ్‌ని మంచి మనిషిగా ఉంచాడు. ఆ పిల్లల కోసం జీవితమంతా పోరాడిన ఇద్దరిలో ఆవిడ ఒకరని చివర్లో తెలుస్తుంది. తక్కువ మనిషి అనే తీర్పు ఇక్కడ శత్రువుల నుంచి రాలేదు, చట్టం నుంచి రాలేదు. మేలు కోరే మనిషి చర్మం నుంచి వచ్చింది. రోసీ బ్రైడోటీ వందల పేజీల్లో చెప్పిన విషయం ఈ రెండు పేజీల్లో ఎనిమిదేళ్ల పిల్ల ఒంటికి తెలిసిపోయింది.

మరి వీళ్లు పారిపోరేం? ఈ నవల చదివినవాళ్లలో చాలామంది అడిగేది అదే. బడి దాటాక గోడలు లేవు, కాపలా లేదు. కాథీ సొంతంగా కారు నడుపుతూ దేశమంతా తిరుగుతుంది. 2010లో మార్క్ రోమనెక్ తీసిన సినిమాలో, అలెక్స్ గార్లండ్ స్క్రిప్టులో, ఈ ప్రశ్నకి సమాధానంగా పాత్రల ముంజేతికి పట్టీలు తొడిగారు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ వాటిని యంత్రానికి చూపించాలి. సినిమా అందంగా ఉంటుంది, నటులు బాగా చేశారు. కానీ ఆ పట్టీ తగిలించడంతో నవలలోని అసలు భయం పోయింది. పట్టీ ఉంటే తెంచుకోవచ్చు. కాథీకి ఉన్నది పని మీద గౌరవం. కథ మొదలుపెట్టడమే తన పనితనం చెప్పుకోవడంతో మొదలుపెడుతుంది. పదకొండేళ్లకి పైగా కేరర్‌గా ఉన్నాననీ, తాను చూసుకున్న దాతలు త్వరగా కోలుకుంటారనీ, ఆందోళన పడేవాళ్లు తక్కువనీ. తనవాళ్లని తదుపరి కోతకి నెమ్మదిగా సిద్ధం చేయడంలో ఆమె నేర్పరి. ఆ నేర్పుకి లోకం మెచ్చుకుంటే సంతోషపడుతుంది. 'ది రిమైన్స్ ఆఫ్ ది డే'లోని బట్లర్ స్టీవెన్స్ కూడా ఇంతే, నాజీల వైపు మొగ్గిన దొరకి లోపం లేకుండా సేవ చేశానన్న గర్వంతో బతికాడు. అధికారం కొరడా పట్టుకొని రాదని, మంచి ఉద్యోగి అనే మెప్పు పట్టుకొని వస్తుందని ఇషిగురోకి బాగా తెలుసు.

హేల్‌షమ్ వదిలి, బడి తర్వాత వాళ్లని ఉంచే కాటేజీలకి వెళ్లాక, రూత్ ఒక అలవాటు నేర్చుకుంటుంది. టామీ దగ్గర సెలవు తీసుకునేటప్పుడు అతని మోచేతి దగ్గర వేళ్లతో చిన్నగా తడుతుంది. అక్కడి పాత జంటలు అలా చేస్తాయి కాబట్టి. ఆ జంటలు టీవీ సీరియల్ చూసి నేర్చుకున్నాయని కాథీ కనిపెట్టి రూత్ ముఖం మీదే అంటుంది. చిన్నపిల్లల పోట్లాటలా ఉండే ఈ సంగతి నన్ను వదలదు. తల్లీ తండ్రీ ఊరూ లేనివాళ్లకి మనిషిలా ఉండటం ఎలాగో చూపించేది టీవీ ఒక్కటే. అయితే టీవీ నటులు ఎవర్ని చూసి నేర్చుకున్నారు? మనం ఎవర్ని చూసి? క్లోన్ల దగ్గర నకలుగా కనిపించేది మన దగ్గర సహజంగా కనిపించడానికి కారణం, మన నకలు ముందే మొదలవడం మాత్రమే. తనని ఎవరి నుంచి నకలు తీశారో ఆ మూలరూపం కావచ్చుననుకున్న ఒకావిణ్ణి వెతుక్కుంటూ నార్ఫోక్ తీరాన క్రోమర్ దాకా వెళ్లి, ఆవిడ తనలా లేదని తేలాక రూత్ విరుచుకుపడుతుంది. తమ మూలాలు ఆఫీసుల్లో ఉండవని, మురికివాడల్లో, జైళ్లలో, సమాజం పారేసినవాళ్లలో వెతకాలని. ఎవరి ఒళ్లు చౌకో వాళ్ల ఒంటినే నకలు తీస్తారని ఆమెకి అర్థమైంది.

నవల పేరుకి కారణమైన పాట సంగతి చెప్పాలి. జూడీ బ్రిడ్జ్‌వాటర్ అనే గాయని పాడిన క్యాసెట్ కాథీ దగ్గర ఉంటుంది. ఆ గాయని కూడా రచయిత కల్పనే. పదకొండేళ్ల కాథీ ఒక దిండుని బిడ్డలా గుండెకి పొదువుకొని ఆ పాటకి ఊగుతుంటే, గుమ్మంలో మేడమ్ నిలబడి ఏడుస్తుంది. క్లోన్లకి పిల్లలు పుట్టరు కాబట్టి ఆవిడ అందుకే ఏడ్చిందని కాథీ, టామీ అనుకుంటారు. ఎన్నో ఏళ్ల తర్వాత మేడమ్ అసలు కారణం చెబుతుంది. కఠినమైన కొత్త ప్రపంచం వస్తుంటే, పాత దయగల ప్రపంచాన్ని వదలలేక హత్తుకున్న పాపని చూశానంటుంది. ఆవిడ మాట అందంగా ఉంది, కన్నీళ్లు నిజమే. కానీ ఆ కన్నీళ్లలో కాథీ లేదు. దిండు పట్టుకున్న ఆ పిల్ల ఏమనుకుంటోందో ఆవిడ అడగలేదు. ఆమెని ఒక ప్రతీకగా మార్చుకొని ఏడ్చింది. సాహిత్యం చదివి కంటనీరు పెట్టుకునే అలవాటున్న మనకి ఇది గట్టిగా తగలాలి.

లిటిల్‌హాంప్టన్‌లో మేడమ్ ఇంట్లో జరిగే ఆ సుదీర్ఘ సంభాషణే నవలకి శిఖరం. నిజంగా ప్రేమించుకున్న జంటకి కోతల నుంచి కొన్నేళ్ల గడువు దొరుకుతుందన్న పుకారు పట్టుకొని కాథీ, టామీ వస్తారు. బొమ్మలు తీసుకెళ్లింది తమ ఆత్మల్ని చూసి ప్రేమ నిజమో కాదో తేల్చడానికని టామీ ఊహ. ఒకప్పుడు హేల్‌షమ్‌ని నడిపి, ఇప్పుడు చక్రాల కుర్చీలో ఉన్న మిస్ ఎమిలీ, గడువు అనేది ఎన్నడూ లేదంటుంది. బొమ్మలు ఎందుకంటే, మీకు అసలు ఆత్మ ఉందని లోకానికి ఋజువు చేయడానికి. అలా అంటూనే తమ కష్టాన్ని గుర్తించమన్నట్టు మాట్లాడుతుంది. ఇంత మాట జరుగుతుండగా ఇషిగురో ఏం చేశాడో చూడండి. ఆవిడ మంచం పక్కన పెట్టుకునే బీరువా ఒకటి ఆ రోజే అమ్ముడుపోతోంది. కూలీలు దాన్ని గీతలు పడకుండా దించుతారో లేదోనని ఆవిడ మధ్యమధ్యలో ఆందోళన పడుతుంది. ఇద్దరి ప్రాణాల ఆశ కూలిపోతున్న గదిలో ఒక చెక్క సామాను క్షేమం గురించి నిజమైన కలవరం. ఆవిడని దుర్మార్గురాలిగా చూపడానికి కాదిది. ఆవిడ దయ ఎంతవరకు వెళ్తుందో ఆ బీరువా కొలిచి చూపిస్తుంది. కళ దాకా, ఆత్మ దాకా వెళ్తుంది. కత్తి దగ్గర ఆగిపోతుంది.

ఇక్కడికి వచ్చేసరికి నవల మన మీద బిగించిన ఉచ్చు కనబడుతుంది. మూడు వందల పేజీలు చదువుతూ మనం ఏమనుకున్నాం? కాథీ ఎంత సున్నితమైన మనిషి, టామీ ప్రేమ ఎంత నిజం, వీళ్లూ మనుషులే కదా అనుకున్నాం. సరిగ్గా అదే మిస్ ఎమిలీ వాదన. బొమ్మలు చూపించి ఆవిడ లోకాన్ని ఒప్పించాలని చూసింది. కాథీ కథనం చూసి మనం ఒప్పుకున్నాం. ఆ బొమ్మల ప్రదర్శనకి వచ్చిన పెద్దమనుషులు చప్పట్లు కొట్టి, విరాళాలిచ్చి, తర్వాత తమ గుండెజబ్బుకి వైద్యం కోసం ఆసుపత్రికి వెళ్లారు. బొమ్మ వెయ్యడం రానివాళ్లు, కథ చెప్పడం రానివాళ్లు, కాథీ అంత మృదువుగా మాట్లాడలేనివాళ్లు ఏమైపోవాలి? హేల్‌షమ్ లాంటి బడి దొరకని క్లోన్ల గురించి మిస్ ఎమిలీ ఒక్క ముక్క చెప్పి ఆపేస్తుంది, ఊహించుకోలేనంత దారుణమని. ఆత్మ ఉందని నిరూపిస్తేనే ప్రాణం మిగలాలనడంలోనే హింస ఉంది. పోస్ట్‌హ్యూమనిస్ట్ విమర్శ మానవవాదాన్ని నిలదీసేది ఈ చోటే. ఆ నిలదీతని ఇషిగురో ఒక ఇంటి ముందుగదిలో, టీ వేళ మర్యాదల మధ్య, ఎవరినీ దోషిగా నిలబెట్టకుండా చేశాడు.

ఆ సాయంత్రం వాళ్లు వెళ్లబోతుండగా మేడమ్ కాథీ చెంప మీద చెయ్యి వేస్తుంది. ఆ చెయ్యి వణుకుతుంది. సాలీడుని తాకుతున్న భయం అలాగే ఉంది. అయినా చెయ్యి తియ్యదు. ప్రేమ గెలిచిందని గానీ అసహ్యం గెలిచిందని గానీ రచయిత చెప్పడు. రెండూ ఒకే చేతిలో ఉంచాడు. ఇంతటి నిగ్రహం నేను సమకాలీన ఇంగ్లిష్ నవలలో అరుదుగా చూశాను.

చివరగా టామీ బొమ్మల గురించి. బడిలో అతనికి బొమ్మలు వచ్చేవి కావు. దానివల్లే తోటివాళ్ల ఎగతాళి, దానివల్లే అతని కోపాలు. కాటేజీల్లో అతను రహస్యంగా చిన్న చిన్న ఊహాజంతువుల్ని గీయడం మొదలుపెడతాడు. కాథీకి మొదట అవి రేడియో వెనక మూత తీసినట్టు కనిపిస్తాయి, సన్నని గొట్టాలు, చక్రాలు, మరలు. కాగితాన్ని దూరంగా పట్టుకుంటే గానీ అది ఒక పక్షి అనో, పెంకు కప్పుకున్న జంతువనో తెలియదు. 2009లో షమీమ్ బ్లాక్ ఈ నవల మీద రాసిన వ్యాసం ఈ బొమ్మల దగ్గర బాగా ఆగింది. మానవ హృదయాన్ని వెల్లడించేదే కళ అన్న పాత నమ్మకానికి భిన్నంగా, యంత్రానిదీ నకలుదీ అయిన ఒక కళ ఇందులో ఉందని ఆమె చూపించింది. నేను ఆమెతో ఏకీభవిస్తూనే మరొకటి కలుపుతాను. టామీ ఆ జంతువుల్ని గీసేటప్పుడు అతనికి పట్టుకున్న బెంగ ఏమిటో కాథీ మనకి చెబుతుంది. వాటికి ఆత్మ ఉందా లేదా అని అతను అడగలేదు. ఇంత చిన్న ప్రాణి తనని తాను ఎలా కాపాడుకుంటుంది, కావలసినవి ఎలా అందుకుంటుంది అని ఆలోచించాడు. ఇనుప మరలతో చేసిన జంతువు గురించి ఒక క్లోన్ ఆ ప్రశ్న వేశాడు. హేల్‌షమ్ పిల్లల బొమ్మలతో ప్రదర్శనలు పెట్టినవాళ్లెవరూ, ఆ పిల్లల ముందు నిలబడి, అది అడగలేదు.